స్వెప్ట్ రెక్క మీద ట్రాన్సిషన్ పట్టుకోవాలంటే: కలరా ఉండలా, ఐఆర్ కెమెరానా, హాట్‌వైరా?

ప్రాజెక్టుల సీజన్ మొదలవగానే ఎవరో ఒక జూనియర్ నుంచి ఏటా ఒకే రకం ఫోన్ వస్తుంది. "అన్నా, విండ్ టన్నెల్ కోసం 45 డిగ్రీలు వెనక్కి వాల్చిన స్వెప్ట్ రెక్క మోడల్ చేయించాం. లామినార్ (నున్నగా పొరలుగా పారే గాలి) ఎక్కడ ఆగి టర్బులెంట్ (కలగాపులగంగా పారే గాలి) ఎక్కడ మొదలవుతుందో, అదే ట్రాన్సిషన్, చూడాలి. సార్ హాట్‌వైర్ (వేడి తీగతో గాలి వేగం కొలిచేది) కొందామంటున్నారు, మావాడేమో వేడిని చూసే ఐఆర్ కెమెరా అద్దెకు తెద్దామంటున్నాడు. ఏది మంచిది?" నేను తిరిగి అడిగేది ఒకటే: "రెక్క ముందంచుకి ఏ నంబరు ఎమరీ పేపర్ పట్టారు?" అవతల కాసేపు చప్పుడుండదు.

అడ్డదిడ్డంగా అడుగుతున్నాననుకోకండి. పద్ధతిని ఎంచుకోవడం అక్కడినుంచే మొదలవుతుంది.

స్వెప్ట్ రెక్కతో వచ్చే తంటా

నిటారు రెక్క మీద ట్రాన్సిషన్ సాధారణంగా టోల్మీన్-ష్లిక్టింగ్ తరంగాలనే, గాలి వెంబడి సాగుతూ పెరిగే చిన్న అలలతో వస్తుంది. రెక్కని వెనక్కి వాల్చగానే కథ మారిపోతుంది. బయటి గాలి రెక్క మీద వంపు తిరుగుతుంది. ఆ వంపుని నిలబెట్టే పీడన భేదమే బౌండరీ లేయర్ (రెక్కని అంటుకుని నెమ్మదించిన పలుచని గాలి పొర) లోపలా పనిచేస్తుంది, కానీ అక్కడ గాలి నెమ్మది కాబట్టి ఇంకా ఎక్కువ పక్కకి తిరిగిపోతుంది. ఈ పక్కవాటు ప్రవాహమే క్రాస్‌ఫ్లో. గోడ దగ్గర సున్నా, పై అంచు దగ్గరా సున్నా, మధ్యలో పొంగు. అలాంటి వేగరేఖ తనంతట తానే అస్థిరం. దాంతో గాలి వెళ్లే దిక్కుకి దాదాపు సమాంతరంగా సుడులు బారులు తీరతాయి. బ్రిటన్‌లో గ్రే 1952లో స్వెప్ట్ రెక్కల మీద చూసిన చారలు ఇవే. 1955లో గ్రెగరీ, స్టువర్ట్, వాకర్ కలిసి దీని సిద్ధాంతాన్నీ, ప్రయోగాన్నీ ఒకచోట పెట్టారు.

ఈ సుడుల్లో కొన్ని కదులుతాయి, కొన్ని కదలకుండా నిలబడి ఉంటాయి. నిలబడి ఉన్నవాటికి విత్తనం ముందంచు దగ్గరి గరుకుతనం. ఎంత గరుకు? అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో విలియం సారిక్ బృందం 1990ల్లో 45 డిగ్రీల రెక్క మీద చేసిన ప్రయోగాల్లో ముందంచు దగ్గర వరసగా అతికించిన చుక్కల ఎత్తు 6 మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో పదో వంతు. ఆ రెక్క మీద అన్నిటికంటే వేగంగా పెరిగే సుడుల ఎడం 12 మి.మీ. చుక్కల్ని అదే ఎడంతో పెడితే ఆ సుడులే బలపడ్డాయి. 8 మి.మీ. ఎడంతో పెడితే చిన్న సుడులు లేచి పెద్దవాటిని ఎదగనివ్వలేదు, ట్రాన్సిషన్ వెనక్కి జరిగింది.

ఇప్పుడు మీ కొలత పద్ధతి సంగతి ఆలోచించండి. ముందంచు మీద 30 మైక్రాన్ల పూత పూసో, ఫిల్మ్ అతికించో ట్రాన్సిషన్ కొలిస్తే, మీరు కొలుస్తున్నది రెక్కని కాదు, మీ పూతని. నిటారు రెక్క మీద చెల్లిపోయే అలసత్వం ఇక్కడ చెల్లదు.

ఎంచుకునే ముందు అడగాల్సినవి

మొదటిది, మీకు తెలియాల్సింది *ఎక్కడ* అనా, *ఏ కారణంతో* అనా, *లోపల ఏం జరుగుతోంది* అనా? మూడింటికి మూడు వేర్వేరు పనిముట్లు. రెండోది, ముందంచుని తాకకుండా ఆ పద్ధతి నడుస్తుందా? మూడోది, మోడల్ దేంతో చేశారు? అల్యూమినియమా, ఫైబర్‌గ్లాసా అన్న చిన్న తేడాతో ఐఆర్ పద్ధతి పనికొస్తుందా లేదా అన్నది తేలిపోతుంది. నాలుగోది, ఒక రన్ తర్వాత మోడల్‌ని మళ్లీ సిద్ధం చేయడానికి ఎంతసేపు? అయిదోది డబ్బు. దాన్ని చివర్లో పెట్టడానికి కారణం ఉంది. తక్కువ ఖర్చు పద్ధతులు ఇక్కడ తక్కువరకం పద్ధతులేం కావు.

పద్ధతి ఏదైనా టన్నెల్ గురించి రెండు లెక్కలు ముందే చేసుకోండి.

ఒకటి, టన్నెల్ గాలిలోనే ఉన్న అలజడి, అంటే సగటు వేగంతో పోలిస్తే హెచ్చుతగ్గులు ఎంత శాతమన్నది. జర్మనీలోని గ్యోటింగెన్‌లో డైలె, బిప్పెస్ చేసిన పనిలో తేలిందేమంటే, అలజడి సుమారు 0.15 శాతం కంటే తక్కువుంటే నిలకడ సుడులది పైచేయి, అది దాటితే కదిలే తరంగాలది. విమానం ఎగిరే ఆకాశం మొదటి కోవలోకి వస్తుంది. మీ టన్నెల్ 0.5 శాతం దగ్గరుంటే, ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా ఆకాశంలో జరిగేది కనిపించదు. ఈ అంకె కొలవకుండా స్వెప్ట్ రెక్క జోలికి పోకండి.

రెండోది, ముందంచు వెంబడి పాకే టర్బులెన్స్. మోడల్‌ని గోడకి బిగిస్తే గోడ మీది టర్బులెంట్ గాలి ముందంచు పట్టుకుని రెక్క చివరిదాకా పాకిపోవచ్చు. 1960ల్లో నార్త్రప్ వాళ్ల ఎక్స్-21 ప్రయోగ విమానాన్ని ముప్పుతిప్పలు పెట్టింది ఇదే. దీన్ని చూసుకోవడానికి బ్రిటన్‌లో పోల్ 1970ల చివర ఇచ్చిన హద్దు ఒకటుంది: ముందంచు రేనాల్డ్స్ సంఖ్య (గాలి ఊపుకీ దాని స్నిగ్ధతకీ ఉన్న పోలిక) సుమారు 245 లోపు ఉండాలి. ముందంచుని గుండ్రటి స్తంభంలా అనుకుంటే లెక్క తేలిక. గాలి వేగాన్ని ముందంచు వ్యాసార్ధంతో గుణించి స్నిగ్ధతతో భాగించండి. దాన్ని వాలు కోణపు సైన్ వర్గంతో గుణించి, కొసైన్‌కి రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీయండి. సెకనుకి 30 మీటర్లు, 10 మి.మీ. వ్యాసార్ధం, 45 డిగ్రీలు అయితే 84 వస్తుంది. నిశ్చింతగా ఉండొచ్చు. 245 రావాలంటే అదే వేగంలో వ్యాసార్ధం 85 మి.మీ. ఉండాలి. కాలేజీ టన్నెళ్లలో ఈ గండం దాదాపు ఉండదు.

అక్కడ ఉండే గండం వేరు. 300 మి.మీ. కార్డ్ (ముందంచు నుంచి వెనకంచు దాకా రెక్క కొలత), సెకనుకి 30 మీటర్లు అంటే రేనాల్డ్స్ సంఖ్య 6 లక్షలు. అంత తక్కువలో క్రాస్‌ఫ్లో ఎదిగి విరిగిపోయేలోపే లామినార్ ప్రవాహం రెక్కని వదిలేసి, కాస్త వెనక మళ్లీ అంటుకుని, మధ్యలో గాలి బుడగ కట్టొచ్చు. ఫోటోలో కనిపించే గీత ఆ బుడగది, కింద రాసే క్యాప్షన్ మాత్రం "క్రాస్‌ఫ్లో ట్రాన్సిషన్". ఇలాంటి రిపోర్టులు నేను చాలానే చూశాను. గాలి చాలాదూరం వేగం పుంజుకుంటూనే ఉండే ఆకారం, వీలైనంత పొడవు కార్డ్ ఉన్న మోడల్ తీసుకోండి. గ్యోటింగెన్‌ వాళ్లు చేసినట్టు వాలు ముందంచున్న పలక మీదుగా వంపు దిమ్మె ఒకటి వేలాడదీసి, రెక్క మీది పీడనం తీరునే పలక మీదికి తెచ్చుకోవడం ఇంకో దారి.

ఒక్క చూపులో

| పద్ధతి | ఏం చెబుతుంది | ముందంచుకి ప్రమాదం | మళ్లీ సిద్ధం కావడానికి | ఖర్చు |
|---|---|---|---|---|
| నాఫ్తలీన్ పూత | ఎక్కడ, కొంతవరకు ఎందుకు | ఎక్కువ, జాగ్రత్తపడితే తక్కువ | ప్రతి రన్‌కీ కడిగి మళ్లీ పూయాలి | వందల్లో |
| నూనె పూత | ఎక్కడ, గోడ దగ్గర గాలి దిక్కు, బుడగలు | మధ్యస్థం | ప్రతి రన్‌కీ | వందల్లో |
| ఐఆర్ కెమెరా | ఎక్కడ, సుడుల ఎడం | దాదాపు లేదు | అక్కర్లేదు | లక్షల్లో, అద్దెకీ దొరుకుతుంది |
| హాట్‌వైర్ | లోపల ఏం జరుగుతోందో | లేదు, తీగకే ప్రమాదం | అక్కర్లేదు, కానీ స్కాన్‌కి గంటలు | లక్షల్లో |
| అతికించే హాట్‌ఫిల్మ్ | ఎక్కడ, ఏ పౌనఃపున్యంతో | ఎక్కువ | అక్కర్లేదు | లక్షల్లో |
| స్టెతస్కోపు, పిటాట్ గొట్టం | ఎక్కడ, ఉజ్జాయింపుగా | లేదు | అక్కర్లేదు | వేలల్లో |

నాఫ్తలీన్: బట్టల బీరువాలోంచి టన్నెల్‌లోకి

కలరా ఉండలు తెలియని ఇల్లుండదు. వాటిని దంచి ఎసిటోన్‌లో కరిగించి వడగట్టి, నల్లగా పెయింట్ వేసిన మోడల్ మీద స్ప్రే చేస్తే తెల్లటి పలుచని పొర నిలుస్తుంది. టర్బులెంట్ గాలి తగిలిన చోట అది త్వరగా ఆవిరైపోయి నలుపు బయటపడుతుంది. లామినార్ ఉన్న చోట తెలుపు మిగులుతుంది. స్వెప్ట్ రెక్క మీద ఈ బొమ్మ చూసితీరాలి. తెలుపులో ముందు సన్నటి సమాంతర చారలు కనిపిస్తాయి. అవే నిలకడ సుడుల జాడలు. వెనక్కి వెళ్లేకొద్దీ ఒక్కో చార చివర త్రికోణం లాంటి నల్లటి గసిక మొలుస్తుంది. ట్రాన్సిషన్ హద్దు గీతలా కాకుండా రంపపు పళ్లలా ఉంటుంది. ఆ పళ్లు కనబడ్డాయంటే మీరు చూస్తున్నది నిలకడ క్రాస్‌ఫ్లో అని గట్టిగానే అనుకోవచ్చు. కదిలే తరంగాలైతే హద్దు నున్నగా, మసకగా వస్తుంది. "ఎందుకు" అన్న ప్రశ్నకి ఇంత చవకగా జవాబు చెప్పేది ఇంకోటి లేదు.

లోపం పూతలోనే ఉంది. నాఫ్తలీన్ పలుకులు పదుల మైక్రాన్లుంటాయి. అందుకే ముందంచు నుంచి కార్డ్‌లో కనీసం 10 శాతం దాకా పూత పడనివ్వకూడదు. మొదటిసారి చేసినప్పుడు మాకు ఆ బుద్ధి లేదు. మొత్తం రెక్కని శుభ్రంగా తెల్లగా చేశాం, ట్రాన్సిషన్ ముందంచుకి బాగా దగ్గరగా వచ్చింది, సంబరపడి గ్రాఫులు కూడా గీశాం. అనుమానం వచ్చి ముందు భాగాన్ని ఎసిటోన్ గుడ్డతో తుడిచి మళ్లీ నడిపితే హద్దు చాలా వెనక్కి పోయింది. మొదటి గ్రాఫు నాఫ్తలీన్ గురించి, రెక్క గురించి కాదు.

ఎండాకాలం ఏసీ లేని ల్యాబులో స్ప్రే చేస్తుండగానే సగం ఆవిరైపోతుంది, పొద్దున్నే పెట్టుకోండి. ఆవిరి పీల్చకూడదు. ఓపెన్ సర్క్యూట్ టన్నెల్ అయితే ఆ గాలంతా గదిలోకే వస్తుంది కాబట్టి మాస్కు, తెరిచిన కిటికీలు తప్పనిసరి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లని గదిలోకి రానివ్వకండి, వాళ్లలో నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలని విరగ్గొడుతుంది.

దీనికి అన్న వరస చైనా క్లే పద్ధతి. తెల్ల మట్టి లేకర్ మీద మిథైల్ శాలిసిలేట్ లాంటి ద్రవం చల్లితే తెలుపు మాయమవుతుంది, ఆరిన చోట మళ్లీ తేలుతుంది. ఇందులో టర్బులెంట్ చోటే తెల్లబడుతుంది, నాఫ్తలీన్‌కి తిరగబడి. మట్టి పొర అలాగే ఉంటుంది కాబట్టి రన్‌కీ రన్‌కీ మధ్య ద్రవం చల్లితే చాలు. గదంతా నొప్పుల బామ్ వాసన మాత్రం భరించాలి.

నూనె పూత

కిరోసిన్ లాంటి పల్చటి నూనెలో టైటానియం డయాక్సైడ్ పొడి, పొడి ముద్దకట్టకుండా రెండు చుక్కల ఒలేయిక్ యాసిడ్. నూనె పూతకున్న పెద్ద గుణం బుడగని పట్టివ్వడం. విడివడిన చోట నూనె గీతకట్టి నిలిచిపోతుంది. రేనాల్డ్స్ సంఖ్య తక్కువున్న టన్నెల్‌లో పైన చెప్పిన పొరపాటు జరక్కుండా ఉండాలంటే ఒక్కసారైనా ఇది చేసి తీరాలి. నిలువుగా బిగించిన మోడల్ మీద నూనె కిందికి జారుతుంది, ఆ జారుడుని గాలి దిక్కు అనుకోకండి.

ఐఆర్ కెమెరా

ఒక్క పద్ధతికే డబ్బుంటే నేనైతే దీనికే ఓటేస్తాను, ముందంచుని తాకదు కాబట్టి. టర్బులెంట్ గాలి వేడిని ఎక్కువగా లాక్కుంటుంది. మోడల్‌ని హాలోజన్ దీపాలతో కాస్త వేడిచేస్తే టర్బులెంట్ భాగం చల్లగా, లామినార్ వెచ్చగా కనిపిస్తుంది. తేడా ఒకటి రెండు డిగ్రీలే అయినా కెమెరాకి అది చాలు. అదే రెక్క మీద వేగం, కోణం మార్చుకుంటూ పూటలో ఇరవై కేసులు లాగేయొచ్చు. నాఫ్తలీన్‌తో అయితే మూడు.

విమానాల మీదా ఇదే వాడతారు. టెక్సాస్ ఏ అండ్ ఎం వాళ్లు సెస్నా ఓ-2 విమానం రెక్క కింద 30 డిగ్రీల వాలు మోడల్‌ని వేలాడదీసి ఐఆర్‌తోనే చూశారు. 2017 సెప్టెంబరు 26న మొదటిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఏ340 బ్లేడ్ విమానంలోనూ లామినార్ రెక్క భాగాల్ని కనిపెట్టుకున్నవాటిలో ఐఆర్ కెమెరాలున్నాయి.

తీసుకునే ముందు మూడు చిక్కులు చూసుకోండి. అల్యూమినియం మోడల్ పనికిరాదు. వేడి లోహంలో పక్కకి పాకి హద్దుని చెరిపేస్తుంది, పైగా మెరిసే లోహంలో కెమెరాకి మీ మొహమే కనిపిస్తుంది. ఫైబర్‌గ్లాస్ మీద నల్ల మ్యాట్ పెయింట్ సరైన జోడీ, కానీ ఆ పెయింట్‌ని కూడా ముందంచు దగ్గర నున్నగా సాన పట్టాలి. రెండోది కిటికీ. మామూలు గాజులోంచీ, యాక్రిలిక్‌లోంచీ 8 నుంచి 12 మైక్రాన్ల ఐఆర్ దూరదు. జెర్మేనియం కిటికీ ఖరీదెక్కువ. గోడకి కన్నం పెడితే సక్షన్ టన్నెల్‌లో బయటి గాలి లోపలికి చిమ్ముతుంది. కన్నానికి పల్చటి పాలిథీన్ షీట్ బిగించి పని కానిచ్చుకోవచ్చు, అది లోపలికి ఉబ్బి కొట్టుకోకుండా చూసుకుంటే. మూడోది పిక్సెళ్లు. 600 మి.మీ. వెడల్పు చూడాలనుకుంటే 640 పిక్సెళ్ల కెమెరాలో ఒక్కో పిక్సెల్ దాదాపు 1 మి.మీ., 8 మి.మీ. చారలు స్పష్టంగా కనిపిస్తాయి. ఫోన్‌కి తగిలించే 160 పిక్సెళ్ల కెమెరాలో ఒక్కోటి దాదాపు 4 మి.మీ. హద్దు తెలుస్తుంది, చారలు పోతాయి. కెమెరా మీద రాసిన డిగ్రీల ఖచ్చితత్వం కంటే ఈ లెక్కే ముఖ్యం.

హాట్‌వైర్

5 మైక్రాన్ల టంగ్‌స్టన్ తీగని వేడిచేసి, గాలి దాన్ని ఎంత చల్లబరుస్తోందో చూసి వేగం చెప్పడం. సుడులు నిలకడవా, కదిలేవా అని ఖరాఖండీగా చెప్పగలిగేది ఇదే. వందల హెర్ట్జ్‌లో కదిలే తరంగం, సుడి బలిసి విరగబోయే ముందు కిలోహెర్ట్జ్‌లలో పుట్టే రెండో దశ అస్థిరత, రెండూ తెరమీద విడివిడిగా కనిపిస్తాయి. కెమెరా "ఇక్కడ విరిగింది" అంటుంది, హాట్‌వైర్ "ఇలా విరిగింది" అంటుంది.

దానికి చెల్లించే మూల్యం ఓపిక. బౌండరీ లేయర్ మందం రెండు మూడు మి.మీ. అందులో పదోవంతు మి.మీ. మెట్లతో పైకీ కిందికీ, మళ్లీ అడ్డంగా కనీసం నాలుగైదు సుడుల మేర స్కాన్ చేయాలి. ఈలోపు గది వేడెక్కితే కాలిబ్రేషన్ జారిపోతుంది. గోడకి మరీ దగ్గరయితే తీగ వేడి గోడలోకి పోయి, లేని వేగం చూపిస్తుంది. తీగ గోడకి ఎంత ఎత్తులో ఉందో తెలుసుకోవడానికి ఒక పాత చిట్కా: బాగా పాలిష్ చేసిన మోడల్‌లో తీగ నీడ అద్దంలోలా కనిపిస్తుంది. చిన్న టెలిస్కోపుతో తీగకీ ప్రతిబింబానికీ మధ్య ఎడం కొలిచి సగం చేయండి. టన్నెల్ ఆన్ చేశాక తీగని జరిపే ట్రావర్స్ కాస్త వంగుతుందని మరిచిపోయి మేం ఒకే మధ్యాహ్నం రెండు ప్రోబులు విరగ్గొట్టుకున్నాం.

సిగ్నల్‌లో ఎంత శాతం సమయం టర్బులెంట్‌గా ఉందన్న ఇంటర్మిటెన్సీ లెక్కకి మన దేశంలోనే దారి వేసిన పని ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో రొద్దం నరసింహ 1957లో ఇచ్చిన సూత్రం. ఇంటర్మిటెన్సీ 25 శాతం నుంచి 75 శాతానికి చేరే దూరాన్నే గజంకోలగా తీసుకుంటే వేర్వేరు ప్రయోగాల చుక్కలన్నీ ఒకే గీత మీదికి వస్తాయి. అది చదునుపలక మీది రెండు కొలతల ప్రవాహానికి పుట్టింది. రంపపు పళ్ల హద్దున్న చోట పన్ను మీద కొలిస్తే ఒకటి, పన్నుల సందున కొలిస్తే ఇంకోటి వస్తుంది. అడ్డంగా సగటు తీయకుండా దాన్ని వాడొద్దు.

మిగతావి

అతికించే హాట్‌ఫిల్మ్‌లకి (హాట్‌వైర్ లాంటివే, తీగకి బదులు పలుచని లోహపు పొర) ముందంచు దగ్గర చోటివ్వకండి, కార్డ్ మధ్యలో అయితే సరే. టెంపరేచర్ సెన్సిటివ్ పెయింట్ అతిశీతల టన్నెళ్లున్న పెద్ద సంస్థల వ్యవహారం. గాలిలో కలిపిన రేణువుల కదలికని లేజర్లూ, కెమెరాలతో పట్టే టోమోగ్రాఫిక్ పీఐవీతో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో సెర్పియెరి, కొట్సోనిస్ 2016లో సుడుల మూడు కొలతల రూపాన్ని చూపించారు, అద్భుతమైన పని. కానీ ఆ లేజర్లూ, నాలుగు కెమెరాలూ మీ ల్యాబులో ఇప్పటికే ఉంటే తప్ప దీనికోసం కొనకండి.

స్టెతస్కోపుని చూసి నవ్వేవాళ్లున్నారు. గాలికి ఎదురుగా మూతి తెరిచుండే సన్నటి పిటాట్ గొట్టాన్ని ఉపరితలానికి ఆనించి, రబ్బరు గొట్టంతో స్టెతస్కోపుకి కలపండి. లామినార్‌లో దాదాపు నిశ్శబ్దం. వెనక్కి జరుపుతుంటే ఒకచోట చిటపటలు, ఇంకాస్త జరిపితే వానాకాలపు రేకుల కప్పులా హోరు. అయిదు నిమిషాల్లో హద్దు ఎక్కడుందో ఉజ్జాయింపు దొరుకుతుంది. హాట్‌వైర్ స్కాన్ ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి నేను ఇప్పటికీ ఇదే చేస్తాను.

ఎవరికి ఏది

బీటెక్ ప్రాజెక్టు, 600 మి.మీ. చదరపు టన్నెల్, ఒక సెమిస్టర్ సమయం: నూనె పూతతో మొదలుపెట్టి బుడగ లేదని రూఢి చేసుకుని, తర్వాత నాఫ్తలీన్. హాట్‌వైర్ జోలికి పోకండి, కాలిబ్రేషన్ నేర్చుకునేలోపు సెమిస్టర్ అయిపోతుంది.

ఎంటెక్, ఏడాది సమయం, గరుకుతనమో కోణమో మారిస్తే హద్దు ఎటు జరుగుతుందన్న ప్రశ్న: ఐఆర్ అద్దెకి తీసుకోండి. మోడల్ ఆర్డరిచ్చే ముందే ఫైబర్‌గ్లాస్ అని రాయండి. అల్యూమినియం మోడల్ ఇప్పటికే వచ్చేసి ఉంటే ఐఆర్ మరిచిపోయి చైనా క్లేకి వెళ్లండి.

పీహెచ్‌డీ అయితే హాట్‌వైర్ తప్పదు, కానీ ఒంటరిగా కాదు. ఐఆర్ ఫోటోలో చార ఎక్కడుందో చూసి, ఆ చార మీద తీగ దించాలి. మీ టన్నెల్ అలజడి 0.15 శాతం దాటుతుంటే ఆ ఏడాది డబ్బు కొత్త పరికరానికి కాక టన్నెల్ ముందుభాగంలోని సెటిలింగ్ చాంబర్‌లో గాలిని సర్దే జాలీ స్క్రీన్లకి ఖర్చుపెట్టండి. సార్ ఒప్పుకోరు, అయినా అడగండి.

డ్రోన్ రెక్క మీద ఎగిరేటప్పుడు చూడాలనుకునేవాళ్లకి ఐఆర్ ఒక్కటే దారి. ఎండ వేడే హాలోజన్ దీపం పని చేస్తుంది. ముందంచు మీద చచ్చిన ఒక్క దోమ చాలు గసిక మొలవడానికి, టేకాఫ్‌కి ముందు గుడ్డతో తుడవండి.

ఇక టన్నెలే లేనివాళ్లు. క్రాస్‌ఫ్లో అంటే ఏంటో కళ్లారా చూడాలంతే అనుకుంటే, గ్రెగరీ బృందం 1955లో వాడిన తిరిగే పళ్లెమే మీకు దిక్కు. గాలి దాని మీద ఇదే రకం అస్థిరతకి లోనవుతుంది. 20 సెం.మీ. వ్యాసార్ధమున్న నున్నటి పళ్లేన్ని నిమిషానికి 1,500 చుట్లు తిప్పండి, చుట్టూ గట్టి ఇనుప మెష్ పెట్టి. చైనా క్లే పూస్తే కేంద్రం నుంచి 13 సెం.మీ. దాటాక సర్పిలాల్లా చారలు మొదలవుతాయి, 16, 17 సెం.మీ. మధ్య అవి చెదిరిపోతాయి. చుట్టూ ముప్పై దాకా రావాలి, ఫోటో తీసి లెక్కపెట్టుకోండి.